వాలిపోవు పూలమొక్కలు – ఊతకర్ర చరిత్ర

పూలతోట పెంచినవారందరు ఎరిగిన దుఃఖమొకటి కలదు. నెలల తరబడి పెంచిన మొక్క మొగ్గ తొడిగి, రేపో మాపో పూయుననగా, ఒక్క జడివానకు నేలకొరుగును. మన పెరటి చామంతియు పుల్లకు కట్టనిచో తరచు ఇట్లే వాలిపోవును. దోషమెవరిది? మొక్కదా? వానదా? పెంచినవానిదా? ఈ ప్రశ్నకు సమాధానమును తోటమాలులు ఒక త్రోవను, శాస్త్రజ్ఞులు వేరొక త్రోవను వెదకిరి. ఆ రెండు త్రోవలును చివర కొకచోటనే కలిసినవి.

1803లో ఇంగ్లండు దేశీయుడగు టామస్ ఆండ్రూ నైట్ ఒక ప్రయోగమును ప్రకటించెను. అతడు లేత ఆపిల్ చెట్లలో కొన్నిటిని గాలికి కదలకుండ కట్టివేసి, కొన్నిటిని స్వేచ్ఛగా ఊగనిచ్చెను. ఊగిన చెట్ల కాండములు లావెక్కినవి. కట్టిన చెట్లు వెనుకబడినవి. ఒక చెట్టును ఉత్తర దక్షిణములకు మాత్రమే ఊగునట్లు చేయగా, దాని కాండము ఆ దిశలోనే ఎక్కువ లావయ్యెను. అనగా గాలి చెట్టుకు శత్రువు మాత్రమే కాదు, వ్యాయామము చేయించు గురువు కూడ.

తోటలలో మాత్రము చరిత్ర వేరు దారిని నడచెను. 19వ శతాబ్దపు చివర ఇంగ్లండులో బహువార్షికములగు పూలమొక్కలకు గొప్ప ఆదరణ కలిగెను. ఇవి చలికాలమున పైభాగము ఎండిపోయి, వేళ్లు మాత్రము బ్రదికి, వసంతమున మరల చిగిర్చును. విలియం రాబిన్సన్ 1883లో ప్రకటించిన గ్రంథమును, సర్రే ప్రాంతమున గెర్‌ట్రూడ్ జెకిల్ పెంచిన తోటయు ఈ అభిరుచిని వ్యాపింపజేసినవి. గోడకో, దట్టమైన కంచెకో ఆనించి పొడవైన మడి వేసి, వెనుక ఎత్తు మొక్కలను, ముందు పొట్టివానిని నాటుట ఆనాటి పద్ధతి. వెనుక వరుసలోని డెల్ఫీనియం ఆరడుగుల ఎత్తు పెరుగును. దాని కాండము బోలుగా నుండును; పూలగుత్తి మిక్కిలి బరువు. కనుక ప్రతి మొక్కకును కర్ర పాతవలసివచ్చెను. కొమ్మలుగల పుల్లలను ముందే గ్రుచ్చి, మొక్క వానిలోనుండి పెరిగి వానిని కప్పివేయునట్లు చేయుట నేర్పుగల మాలుల పని.

పెద్ద భవనములలో పలువురు మాలులున్నంత కాలము ఇది సాగెను. 1914-18 యుద్ధము తరువాత పనివారు తగ్గిరి, కూలి పెరిగెను. వేల కర్రలు పాతువారెవరు?

1950 తరువాతి సంవత్సరములలో నార్ఫోక్ ప్రాంతపు బ్రెసింగ్‌హాం గ్రామమున అలన్ బ్లూమ్ అను మొక్కల పెంపకందారు ప్రశ్నను తిరుగవేసెను. కర్ర ఎట్లు పాతవలెనని గాక, కర్ర ఏల కావలసివచ్చుచున్నదని అతడాలోచించెను. గోడ ప్రక్కన మొక్కలకు వెలుగు ఒక వైపు నుండియే వచ్చును, గాలి ఆడదు, అవి సన్నగా సాగి ముందుకు వాలును. అందుచే అతడు గడ్డి మధ్యలో ద్వీపములవంటి మడులు వేసి, ఎత్తు మొక్కలను నడుమ నాటెను. మడి వెడల్పులో సగమునకు మించి ఎత్తు పెరుగు మొక్క తగదనెను. పన్నెండడుగుల మడిలో ఆరడుగుల మొక్క చాలును. అన్ని వైపుల వెలుగు, గాలి తగిలిన మొక్కలు చాలవరకు ఊత లేకయే నిలిచినవి.

దీనికి కారణములను శాస్త్రము వివరించినది. పొరుగు ఆకులు ఎరుపు కాంతిని పీల్చుకొని, దానికి ఆవలి దూరపు ఎరుపు కాంతిని విడిచిపుచ్చును. ఈ మార్పును గుర్తించు ఫైటోక్రోం అను వర్ణద్రవ్యమును అమెరికాలోని బెల్ట్స్‌విల్ శాస్త్రజ్ఞులు 1959లో కనుగొనిరి. నీడ తెలియగానే అనేక మొక్కలు వెలుగు కొరకు పొడవు సాగును. 1973లో మార్క్ జాఫ్ మొక్కల కాండములను వ్రేళ్లతో రాచిన చాలు, అవి పొట్టిగా పెరుగుననియు, కొన్ని లావగుననియు వివరించెను. 1990లో జానెట్ బ్రామ్, రోనాల్డ్ డేవిస్ అరబిడోప్సిస్ అను ఆవజాతి మొక్కపై నీరు చల్లగా, అరగంటలోపలనే కొన్ని జన్యువులు మేల్కొనినవి. స్పర్శయు, గాలియు వానిని మేల్కొలిపినవి. నత్రజని ఎరువు మితిమీరినచో కాండము మెత్తబడుటయు మరియొక కారణము.

ఊతకర్ర వ్యర్థమని దీని అర్థము కాదు. మానవుడు పెద్ద పూల కొరకు ఎంచి పెంచిన రకములలో పూవు బరువు కాండపు బలమును మించియుండవచ్చును. రేకులు వాననీటిని పట్టి మరింత బరువెక్కును. అట్టివానికి ఊత తప్పదు. కాని మొక్క కొంత ఊగునట్లు వదులుగా కట్టవలెను.

విద్యార్థులు దీనిని పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. ఒకే తల్లి మొక్కనుండి తీసిన చామంతి పిలకలను పది కుండలలో నాటి, అన్నిటికి సమానముగ నీరు, ఎండ కల్పింపుడు. అయిదింటిని ప్రతి ఉదయము చేతితో ఇరువది సార్లు మెల్లగా నిమురుడు, తక్కినవానిని తాకకుడు. ఆరు వారముల తరువాత ఎత్తును, కాండపు చుట్టుకొలతను కొలిచి వ్రాసికొనుడు. నైట్ అడిగిన ప్రశ్నకు మీ కుండలేమి చెప్పునో చూడుడు.