కింది దవడ ఎముక ఒకటా, రెండా?

అస్థిపంజరంలో ప్రతి ఎముకకూ ఒక పేరుంది. పైది, కిందిది, కుడి, ఎడమ అన్న దిశాభేదమూ ఉంది. అయితే పేరు సరిగా ఉన్నంత మాత్రాన వర్ణన సరైనది కాదు. అరబ్బీ వైద్యగ్రంథాలు 'అల్ ఫక్కుల్ అస్ఫల్' అని పిలిచిన కింది దవడే ఇందుకు నిదర్శనం.

అరబ్బులు జాలీనూస్ అని పిలిచిన గ్రీకు వైద్యుడు గేలెన్ క్రీ.శ. రెండవ శతాబ్దివాడు. ఈ దవడ గడ్డం వద్ద అతుకుకొన్న రెండు ఎముకలని ఆయన వ్రాశాడు. ఆయన కోసి పరిశీలించినవి ముఖ్యంగా జంతు శరీరాలు. తరువాతివారు ఆ మాటనే శతాబ్దాలపాటు వల్లించారు.

హిజ్రీ 597-598లో (క్రీ.శ. 1200-1202) నైలునది చాలినంత పొంగక ఈజిప్టులో ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడక్కడ ఉన్న అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ (1162-1231), కైరో చెంతనున్న మక్స్ వద్ద మృతుల ఎముకలు గుట్టలుగా పడి ఉన్నాయని విని, వైద్యం చదివే శిష్యులతో వెళ్ళాడు. రెండువేలకు పైగా పుర్రెలు పరిశీలించాడు. కింది దవడ అతుకులేని ఒకే ఎముకగా కనిపించింది. తన కన్ను పొరబడిందేమోనని ఇతరులచేత కూడా చూపించాడు. వారూ అదే చెప్పారు.

జాలీనూస్ పాండిత్యాన్ని గౌరవిస్తూనే, ఆయన మాటకంటె ఇంద్రియసాక్ష్యమే నమ్మదగినదని ఆయన వ్రాశాడు. పుట్టినప్పుడు రెండు భాగాలుగా ఉండే ఈ ఎముక మొదటి ఏటనే ఒకటవుతుందని నేటి శాస్త్రం చెబుతున్నది. పెద్దల మాటను గౌరవించడం వేరు, పరిశీలించకుండా అంగీకరించడం వేరు. ఖననానికి నోచుకోని ఆ అభాగ్యుల ఎముకలే ఈ భేదాన్ని తెలియజెప్పాయి.