రోజుకు గంట పాఠం

బ్రిటన్‌లో ఉత్తరాల మీద పోస్ట్‌కోడ్ రాసే పద్ధతి 1959లో నార్విచ్ నగరంలో ప్రయోగంగా మొదలై, 1974 నాటికి దేశమంతటా అమల్లోకి వచ్చింది. ఉద్యోగి ఒక్కో కవరు చూసి కోడ్‌ను కీబోర్డు మీద కొడితే, యంత్రం ఆ కవరు మీద చుక్కలు అచ్చు వేసేది. తర్వాతి యంత్రం ఆ చుక్కలను బట్టి ఉత్తరాలను ఊళ్లవారీగా విడదీసేది. అంతవరకు ఉత్తరాలను చేత్తో గళ్లలో వేస్తూ వచ్చిన పోస్టుమన్లకు దాంతో టైపింగ్ నేర్పక తప్పలేదు. అలన్ బాడ్లీ, లాంగ్‌మన్ ఈ శిక్షణ మీద చేసిన పరిశోధన 1978లో అచ్చయింది. పని నేర్పడానికి కొద్దికొద్దిగా, ఎడం ఇచ్చి చెప్పడమే మేలని ఎంతో కాలంగా తెలిసినా, సంస్థలు ఇప్పటికీ పాఠాలన్నీ ఒకేచోట కుక్కేస్తుంటాయి. ఎందుకలా జరుగుతోందో ఆ పరిశోధనలోనే కనిపిస్తుంది.

పరిశోధకులు పోస్టుమన్లను నాలుగు బృందాలు చేశారు. ఒక బృందానికి రోజుకు ఒక్క గంట, ఇంకో బృందానికి రోజుకు రెండుసార్లు గంట చొప్పున, మూడో బృందానికి ఒకేసారి రెండు గంటలు, నాలుగో బృందానికి రెండుసార్లు రెండేసి గంటలు పాఠం. రోజుకు గంట నేర్చుకున్నవాళ్లు 55 గంటల్లో సాధించిన నైపుణ్యానికి, నాలుగు గంటలు కూర్చున్నవాళ్లకు 80 గంటలు పట్టింది. కొన్ని నెలల తర్వాత పరీక్షించినా మొదటి బృందం వేళ్లే చురుగ్గా ఉన్నాయి. అయినా శిక్షణ తీరుపై అందరికంటే ఎక్కువ అసంతృప్తి పడింది వాళ్లే. వారానికి ఐదు రోజుల లెక్కన 55 గంటలంటే పదకొండు వారాలు. రోజుకు నాలుగు గంటలైతే 80 గంటలు నాలుగు వారాల్లో ముగుస్తాయి. పక్క బృందం ముందుకు పోతోంది, మనమే వెనకబడ్డామన్న భావన వాళ్లకు కలిగింది. శిక్షణ ముగిసిన రోజున ఎలా ఉందని అడిగి, ఆ జవాబుతో పద్ధతి మంచిచెడ్డలు తేల్చే సంస్థ ఇక్కడే పొరబడుతుంది.

ఎడం ఇచ్చి నేర్పితే మేలన్న విషయం అప్పటికి కొత్తదేమీ కాదు. జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హాస్ తన జ్ఞాపకశక్తి మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే దీన్ని లెక్కకట్టాడు. అర్థం లేని అక్షరాల వరుసను ఒకే విడతలో 68 సార్లు వల్లెవేస్తే కలిగే ఫలితం, మూడు రోజులకు పంచి 38 సార్లు చదివితేనే వచ్చిందని తేల్చాడు. ఒకే బిగిన చేసే సాధనలో ఇందాకటి కదలిక ఇంకా వేళ్లలోనే ఉంటుంది, గుర్తుచేసుకోవాల్సిన పని పడదు. రాత్రి గడిచాక మళ్లీ మొదలుపెట్టినప్పుడు వెతికి పట్టుకోవాలి. ఆ ప్రయాసే నైపుణ్యాన్ని నిలబెడుతుంది.

అయితే పదకొండు వారాలు ఆగే తీరిక ఎవరికుందన్న అభ్యంతరం సహజం. యుద్ధకాలం కన్నా తొందర ఇంకెప్పుడు ఉంటుంది? 1940 నుంచి 1945 దాకా అమెరికాలో సాగిన ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ కార్యక్రమం కొత్త కార్మికులకు పని నేర్పే సూపర్‌వైజర్లను తయారుచేసింది. ఆ శిక్షణ మొత్తం పది గంటలే, అదీ రెండేసి గంటల ఐదు విడతలుగా. బోధకుడు దీపం తీగకు వేసే ఒక ముడిని ముందు మాటల్లో చెప్పేవాడు, ఎవరికీ వచ్చేది కాదు. తర్వాత మాట్లాడకుండా చేసి చూపేవాడు, అప్పుడూ వచ్చేది కాదు. ఆపైన మెట్టు మెట్టుగా చెబుతూ, చూపుతూ, నేర్చుకునేవాడి చేత చేయించేవాడు. ప్రతి సూపర్‌వైజరూ తన ఫ్యాక్టరీలోని ఒక నిజమైన పనిని తెచ్చి అదే పద్ధతిలో నేర్పి చూపాలి. పని ఆపకుండానే పదహారు లక్షల మందికి పైగా ఈ కార్యక్రమంలో శిక్షణ పొందారు. అంటే ఎడం వల్ల పని ఆగదు. రోజులో మిగిలిన గంటలు పనికే పోతాయి. పోస్టుమన్ల లెక్కలో పద్ధతి మార్పుతో మనిషికి 25 గంటలు మిగులుతున్నాయి. బదులుగా కావలసింది యంత్రం వచ్చే తేదీకి ఏడు వారాలు ముందుగా మొదలుపెట్టే ముందుచూపు. అది లేని సంస్థ తన ఆలస్యానికి మూల్యాన్ని కార్మికుడి చేత కట్టిస్తోంది.

కొద్దికొద్దిగా నేర్పే ఈ పద్ధతి మన తెలుగు రైతులకు పొలంబడి పేరుతో పరిచయమే. వరికి సుడిదోమ పట్టి, మందుల మీద మందులు కొట్టిన ఇండోనేషియాలో 1989లో ఈ బడులు మొదలయ్యాయి. రైతులు పంటకాలం పొడవునా వారానికోసారి మడి దగ్గరే కూడి, దుబ్బులు విప్పి పురుగులెన్ని, వాటిని తినే సాలీళ్లెన్ని అని లెక్కపెట్టి, మందు కొట్టాలో వద్దో తామే తేల్చుకుంటారు. పిలకల దశలో చూడాల్సింది వేరు, పొట్టదశలో చూడాల్సింది వేరు. ఒకే రోజున హాల్లో కూర్చోబెట్టి ఈ రెండింటినీ కళ్లకు చూపడం కుదరదు. ఖర్చు ఎక్కువని, నేర్చిన రైతు నుంచి పక్క రైతుకు విద్య పాకలేదని ఇండోనేషియా బడుల మీద విమర్శలు వచ్చిన మాట వాస్తవం. ఆ విమర్శ ఎంతమందికి చేరిందన్న ప్రశ్నకు సంబంధించింది. వచ్చి కూర్చున్నవాడు ఎలా నేర్చుకుంటాడన్నది వేరే ప్రశ్న.

అన్నిటికీ ఎడం కుదరదు. కరెంటు యంత్రాన్ని ముట్టుకోబోయేవాడికి ప్రాణరక్షణ జాగ్రత్తలన్నీ మొదటి రోజే చెప్పాలి. కానీ ప్రమాదం ఎదురైనప్పుడు అవి చేతికి తోచాలంటే వారాల తరబడి మళ్లీ మళ్లీ చేయించాలి. మొదటి రోజు పాఠంతో సంస్థ బాధ్యత మొదలవుతుందే తప్ప తీరిపోదు. శిక్షణను గంటల మొత్తంతో, నెలల తర్వాత మిగిలిన నైపుణ్యంతో కొలిస్తే తక్కువ ఖర్చయ్యేది కొద్దికొద్దిగా నేర్పడానికే. ఆ సంగతి నేర్చుకునేవాళ్లకు ముందే విడమరిచి చెబితే, వెనకబడ్డామన్న బెంగతో ఎవరూ కుంగిపోనక్కర్లేదు.