లేనా ముఖినా డైరీ

ముఖినా, యెలేనా వ్లదీమిరొవ్నా (1924–1991). లెనిన్‌గ్రాడ్ ముట్టడి కాలంలో డైరీ రాసిన బడిపిల్ల; లేనా అన్న పేరుతోనే ప్రసిద్ధి. 1924 నవంబరు 21న ఊఫాలో పుట్టింది. చిన్నతనంలోనే లెనిన్‌గ్రాడ్ చేరి, తల్లి తోబుట్టువు యెలేనా బెర్నాత్స్కయా పెంపకంలో పెరిగింది. డైరీలో ‘అమ్మ’ అన్నచోట చాలావరకు ఈమె అనే అర్థం చేసుకోవాలి. కన్నతల్లి 1941 వేసవిలో చనిపోయింది.

డైరీ 1941 మే 22న మొదలవుతుంది. తొలి పుటల నిండా పరీక్షల బెంగ, తోటి విద్యార్థి మీద ఇష్టం. సరిగ్గా నెలకు జర్మనీ దాడి చేసింది, సెప్టెంబరు 8న ముట్టడి బిగిసింది. నవంబరు 20న పిల్లలకు, ఉద్యోగులకు, ఇతరుల మీద ఆధారపడినవారికి రొట్టె రేషన్‌ను రోజుకు 125 గ్రాములకు తగ్గించారు. ఆ మర్నాడే లేనాకు 17 ఏళ్లు నిండాయి.

ఆ చలికాలపు పుటలే ఈ డైరీకి ఆయువుపట్టు. వడ్రంగులు వాడే జిగురును ఉడికించి గడ్డకట్టించి తినడం, పిల్లి మాంసం తినడం ఆమె దాచలేదు. అంతకంటే కష్టమైన సంగతి మరొకటి ఉంది. వాళ్లతో కలిసి బతికిన వృద్ధురాలిని లేనా ‘ఆకా’ అని పిలిచేది. డిసెంబరు చివర ఆకా మంచం పట్టింది. ఆమె ఎలాగూ పోయేదే అయితే కొత్త నెల వచ్చాక పోతే ఆమె రేషన్ కార్డు తమకు దక్కుతుందని లేనా లెక్క వేసుకుంది, ఆ లెక్కను రాసుకుంది కూడా. ఆకా 1942 జనవరి 1న చనిపోయింది. ఫిబ్రవరి 7న బెర్నాత్స్కయా కూడా పోయింది. చిన్నతనం చేజారడం అంటే ఏమిటో తొలిప్రేమ పుటల కంటే ఈ లెక్కే స్పష్టంగా చూపుతుంది. దీన్ని కఠినత్వమని తీసిపారేయడం న్యాయం కాదు.

ఒంటరిగా మిగిలాక అక్కడక్కడా తన గురించే ‘ఆమె’ అంటూ కథలా రాస్తుంది. నవలలు చదివిన అలవాటు అనుకోవచ్చు, దుఃఖాన్ని కాస్త దూరం నుంచి చూడటం అనీ అనుకోవచ్చు. రాసిన పరిస్థితిని బట్టి రెండోదే సబబు.

ఈ డైరీని అదే ముట్టడిలో డైరీ రాసిన బాలిక తాన్యా సవిచెవా (1930–1944) రాతలతో పోల్చడం పరిపాటి. తాన్యావి తొమ్మిది పుటలే. ప్రధానంగా ఇంట్లోవారి మరణాల తేదీలు, వేళలు. ఆమె పుట్టినరోజు జనవరి 23 అని, 25 అని రెండు మాటలున్నాయి. మొదటిదానికే మొగ్గు ఎక్కువ. ముట్టడి మృతుల సంఖ్యలోనూ ఏకాభిప్రాయం లేదు. నురెంబర్గ్ విచారణలో వినిపించిన సుమారు 6,32,000 తక్కువ అంచనా అనీ, 8 లక్షలకు తగ్గదనీ తరువాతి పరిశోధకులు అంటారు.

చివరి పుట 1942 మే 25 నాటిది. జూన్‌లో లేనా నగరం విడిచింది. 1962లో ఈ డైరీ లెనిన్‌గ్రాడ్‌లోని ఒక ఆర్కైవ్‌కు చేరింది. రాసిన పిల్ల బతికిందా లేదా అన్నది చాలాకాలం అక్కడ ఎవరికీ తెలియలేదు. సంపాదకులు బంధువులను వెతికి పట్టుకున్నాక సంగతి తేలింది: ఆమె 1991 ఆగస్టు 5న మాస్కోలో మరణించింది. రష్యన్‌లో పుస్తకం 2011లో వెలువడింది, ఇంగ్లీషు అనువాదం 2015లో.