మన చదువుల చరిత్ర – 9: స్కూల్ అంటే తీరిక



పోయిన ఆదివారం ఒక డిగ్రీ హాస్టల్‌కి వెళ్లాను. పిల్లలు ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు, వచ్చి కాసేపు మాట్లాడమన్నారు. అందరి చేతుల్లో జిరాక్స్ కాగితాలు. చదువుకి సంబంధించిన ఇంగ్లీషు మాటలు, ఎదురుగా తెలుగు అర్థాలు. అడ్మిషన్ అంటే ప్రవేశం. స్కాలర్‌షిప్ అంటే ఉపకార వేతనం. మెరిట్ అంటే ప్రతిభ. బట్టీ పడుతున్నారు.

వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. "అన్నా, మెరిట్ అంటే ప్రతిభ అని ఉందిక్కడ. మా కాలేజీలో మెరిట్ సీటు, రిజర్వేషన్ సీటు అని విడదీసి అంటారు. అంటే ప్రతిభకి వ్యతిరేక పదం నేనా?"

ఎవరూ నవ్వలేదు. నాకూ వెంటనే జవాబు తోచలేదు. ఈ భాగం ఆ అమ్మాయి కోసం.

ఆ కాగితంలోని తెలుగు అర్థాలు తప్పని నేననను. కాకపోతే ఒక్కో మాట మన దాకా వచ్చేసరికి దాని వెనక ఒక తగాదా నడిచింది. అది డిక్షనరీలో ఉండదు.

మొదటి మాట స్కూల్. దాని వేరు గ్రీకు భాషలో ఉంది. అక్కడ 'స్కోలే' అంటే తీరిక. పని చేయనక్కర్లేని వాడికి దొరికే ఖాళీ సమయం. మా తాత ఆసామి ఇంట్లో జీతగాడు. కోడి కూయకముందే గొడ్ల చావిట్లో ఉండేవాడు. ఆయనకి పలక కొనడానికి డబ్బులే కాదు, పలక పట్టుకోవడానికి పొద్దు కూడా లేదు. పూలే దంపతులకి ఈ సంగతి బాగా తెలుసు. 1848లో పుణెలో ఆడపిల్లల బడి పెట్టినవాళ్లు, 1855లో కూలీలకీ రైతులకీ రాత్రి బడి పెట్టారు. పగలు తీరిక లేనివాళ్ల కోసం బడినే రాత్రికి మార్చారు.

రెండో మాట అడ్మిషన్. 1856 జూన్‌లో ధార్వాడ్‌లో ఒక మహర్ కుర్రాడు సర్కారు బడిలో చేరతానన్నాడు. ఫీజు కడతానన్నాడు. చేర్చుకోలేదు. అతను బొంబాయి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. న్యాయం అతని వైపే ఉందని ప్రభుత్వం ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, ఒక్కడి కోసం మిగతా అందరికీ బడి పనికిరాకుండా పోతుందని తోసిపుచ్చింది. న్యాయం నీది, సీటు వాళ్లది! సర్కారు బడులు అన్ని తరగతులకీ తెరిచి ఉండాలని 1858లో లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు చెప్పారు. కాగితం మీద తలుపు తెరుచుకుంది. గడప దగ్గర మనుషులు మాత్రం అలాగే నిలబడ్డారు.

మూడో మాట ప్యూన్. చదువుల మాటల్లో ఇదెందుకు అంటారా? బాబాసాహెబ్ చిన్నప్పటి బడిలో కుళాయి ఆయన ముట్టుకోకూడదు. ప్యూన్ వచ్చి తిప్పితేనే నీళ్లు. ఆ రోజు ప్యూన్ రాకపోతే దాహమే. కూర్చునే గోనెపట్టా కూడా రోజూ ఇంటికి మోసుకెళ్లి తెచ్చుకోవాలి, బడి ఊడ్చే మనిషి దాన్ని తాకడు గనక. ఇదంతా ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. ఆ పిల్లాడికి ప్యూన్ అంటే బంట్రోతు కాదు, నీళ్లు.

నాలుగో మాట స్కాలర్‌షిప్. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన నెలకి పదకొండున్నర పౌన్లతో అంబేద్కర్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. ఆ రుణం తీర్చుకోవడానికి 1917లో బరోడా ఉద్యోగంలో చేరితే, అంత చదివిన మనిషికి ఆ ఊళ్లో అద్దె ఇల్లు దొరకలేదు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పుడు ఆయన వైస్రాయి కౌన్సిల్ సభ్యుడు. అంటే రాజుగారి దయ అయిన మాట మన హక్కుగా మారడానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఆ హక్కు నెలనెలా చేతికి అందుతోందా? 2016 జనవరిలో రోహిత్ వేముల తన ఆఖరి ఉత్తరంలో, రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ డబ్బు తన కుటుంబానికి అందేలా చూడమని రాసి వెళ్లిపోయాడు. బకాయి అనే మాట కూడా ఆ జిరాక్స్ కాగితంలో ఉండాల్సింది.

ఇక మెరిట్. మద్రాసు రాష్ట్రంలో మెడికల్, ఇంజనీరింగ్ సీట్లని కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకి 6, వెనకబడిన హిందువులకి 2, బ్రాహ్మణులకి 2, హరిజనులకి 2, క్రైస్తవులూ ఆంగ్లో ఇండియన్లకి కలిపి 1, ముస్లింలకి 1. దీని మీద చంపకం దొరైరాజన్ కోర్టుకెక్కారు. ఆమె అసలు మెడికల్ కాలేజీకి దరఖాస్తే పెట్టలేదని తేలింది. అయినా 1951లో సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది, 15(4) చేరింది. ఇవాళ మీరు చదువుతున్న సీటు ఆ నాలుగో క్లాజు మీద నిలబడి ఉంది.

ఇప్పుడు నా జవాబు విను చెల్లీ. మార్కులు నీ కష్టాన్ని కొలుస్తాయి, కాదనను. వాటితోపాటు మీ ఇంటికి ఎన్ని తరాల తీరిక దొరికిందో కూడా కొలుస్తాయి. తాత చదివి, నాన్న చదివి, ఆ తర్వాత చదివిన వాడి మార్కులూ, ఇంట్లో మొదటిసారి పుస్తకం తెరిచిన నీ మార్కులూ ఒకే కాగితం మీద పక్కపక్కన అచ్చవుతాయి. ఆ కాగితంలో తరాలకి గడి లేదు. మెరిట్‌కి వ్యతిరేక పదం నువ్వు కాదు. ఆ లేని గడి గురించి అడిగే ప్రశ్నవి నువ్వు.

ఇంగ్లీషు మనల్ని ఉద్ధరించడానికి వచ్చిందని కూడా నేను చెప్పను. 1835లో మెకాలే పై తరగతిలోని కొద్దిమంది కోసమే రాశాడు. పన్నులు కట్టేది రైతులు, చదువులు పైవాళ్లకి అని 1882లో హంటర్ కమిషన్ ముందు పూలే నిలదీశాడు. అయినా సావిత్రీబాయి మనల్ని ఇంగ్లీషు నేర్చుకోమంది. సంస్కృతం తలుపు మూసేసిన చోట అదొక కిటికీ. ఎవరు, ఎందుకు పెట్టినా కిటికీలోంచి గాలి వస్తుంది.

అందుకని మాటలు బట్టీ పట్టండి, తప్పు లేదు. ఉద్యోగానికి కావాలి, ఇంటర్వ్యూకి కావాలి. నోటుబుక్కులో రెండు గడులు కాకుండా మూడు గీయండి. మాట, అర్థం, మన ఇంట్లో దాని కథ. హాస్టల్ అన్న మాట పక్కన మీ అమ్మ మిమ్మల్ని దింపిన రోజు రాయండి. టీసీ పక్కన అన్నయ్య బడి మానేసిన ఏడు రాయండి.

పూలే బడిలో చదివిన ముక్తాబాయి 1855లో మాంగ్, మహర్ల దుఃఖం మీద వ్యాసం రాసి అచ్చు వేయించుకుంది. అప్పుడామెకి పద్నాలుగేళ్లు. మీరు డిగ్రీలో ఉన్నారు. మూడో గడి ఇవాళే మొదలుపెట్టండి, నింపినవి నాకూ పంపండి.

వచ్చే భాగంలో మన ఊళ్లలోని లేబర్ స్కూళ్ల గురించి.

జై భీమ్.