దొంగ ఎప్పుడూ బయటివాడేనా

అమ్ముడుపోయిన పసిపిల్లల్ని విడిపించి తెచ్చే కథ మీద ఒక దేశం రెండు పక్షాలుగా చీలి తిట్టుకుంటుందని చెబితే మనవాళ్లు నమ్మరు. పిల్లల్ని కాపాడాలా వద్దా అన్నదాంట్లో వాదనేముంటుంది? కానీ 2023 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, ‘సౌండ్ ఆఫ్ ఫ్రీడమ్’ అనే సినిమా విడుదలైనప్పుడు ఇక్కడ జరిగింది అదే. ఆ సినిమాకు టికెట్టు కొన్నవాళ్లంతా పుకార్లు నమ్మే వెర్రివాళ్లని ఒక పక్షం అంది. కొననివాళ్లకు పిల్లల మీద జాలి లేదని రెండో పక్షం అంది. బయటి దేశంనుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లకు ఈ పోట్లాట ముందు వింతగా ఉంటుంది. ఈ దేశ చరిత్ర కొంత చదివాక వింత పోయి, దిగులు మిగులుతుంది. ఎందుకంటే అమెరికా ఈ కథను చెప్పుకోవడం ఇది మొదటిసారి కాదు. నూటపదేళ్ల కిందట కూడా ఇదే కథ, ఇదే జనం, ఇదే ఆవేశం.

సినిమా సంగతి ముందు చెప్పాలి. హోండురస్‌లో ఒక తండ్రి తన కూతుర్నీ కొడుకునూ, పిల్లల మోడలింగ్ ఎంపికలని పిలిచిన ఒక స్త్రీ దగ్గర వదిలి వెళతాడు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఆ చోటు ఖాళీ. టిమ్ బాలర్డ్ అనే అమెరికన్ అధికారి ముందు అబ్బాయిని సరిహద్దు దగ్గర రక్షిస్తాడు. తర్వాత ఉద్యోగం వదిలేసి, అక్కను వెతుక్కుంటూ కొలంబియా అడవుల్లోకి పోతాడు. బాలర్డ్ నిజంగా ఉన్న మనిషే. 2013లో ఇలాంటి పిల్లల్ని విడిపించడానికని ఒక సంస్థ పెట్టాడు. అలెహాండ్రో మాంటెవెర్డే 2018లో ఈ సినిమా తీశాడు. పంపిణీ చేయాల్సిన ఫాక్స్ సంస్థ డిస్నీ చేతికి పోవడంతో అది మూలన పడింది. చివరికి యూటా రాష్ట్రంలోని ఏంజెల్ స్టూడియోస్ అనే చిన్న కంపెనీ దాన్ని తీసుకుని విడుదల చేసింది. కథ ముగిశాక తెర మీద గడియారం లెక్క మొదలవుతుంది. ఆ తర్వాత బాలర్డ్ పాత్ర వేసిన జిమ్ కావీజెల్ సూటిగా ప్రేక్షకుల కళ్లలోకి చూస్తూ, ఇంకొకరి కోసం ఒక టికెట్టు కొనిపెట్టమని అడుగుతాడు. పక్కనే క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. చీకట్లో, తడిసిన కళ్లతో జనం ఫోన్లు తీసి డబ్బు కట్టారు. కోటీ నలభై ఐదు లక్షల డాలర్లతో తీసిన సినిమా ప్రపంచమంతా కలిపి పాతిక కోట్ల డాలర్ల దాకా వసూలు చేసింది.

మరి గొడవెక్కడ? 2017 అక్టోబరులో ఇంటర్నెట్‌లో పుట్టిన క్యూఅనాన్ అనే నమ్మకం ఒకటుంది. దేశాన్ని ఏలే పెద్దలు, హాలీవుడ్ తారలు కలిసి పిల్లల్ని ఎత్తుకుపోయి హింసిస్తున్నారని, డొనాల్డ్ ట్రంప్ వాళ్లతో రహస్యంగా యుద్ధం చేస్తున్నాడని దాని సారం. కావీజెల్ ఆ నమ్మకస్తుల సభలో మాట్లాడాడు. పిల్లల రక్తంనుంచి ఏదో రసాయనం తీస్తున్నారన్న కట్టుకథను బహిరంగంగా చెప్పాడు. ట్రంప్ తన బెడ్‌మిన్‌స్టర్ గోల్ఫ్ క్లబ్బులో ఈ సినిమాను ప్రత్యేకంగా వేయించాడు. దాంతో ఉదారవాద పత్రికలు సినిమాను క్యూఅనాన్ ప్రచారమని తేల్చేశాయి. ఈ తీర్పు న్యాయమైంది కాదు. సినిమాలో ఆ నమ్మకం గురించి ఒక్క మాట లేదు. ఆ నమ్మకం పుట్టకముందే, 2015లోనే తాను కథ మొదలుపెట్టానని దర్శకుడు చెప్పాడు. చూసినవాళ్లలో చాలామంది చర్చికి పోయే మామూలు తల్లిదండ్రులు. వాళ్ల కన్నీళ్లను ఎగతాళి చేసిన విమర్శకులు అసలు చేయాల్సిన విమర్శను పోగొట్టుకున్నారు. ఆ విమర్శ ఏమిటంటే, పిల్లలకు ప్రమాదం ఎప్పుడూ బయటినుంచి, ముక్కూమొహం తెలియని దుర్మార్గుడి రూపంలో వస్తుందని ఈ కథ మనల్ని నమ్మిస్తుంది. అమెరికా చరిత్ర చూపించే సాక్ష్యం దాదాపు దానికి తలకిందులు.

1900 తర్వాతి పదిహేనేళ్లకు వెళదాం. పల్లెలనుంచి, యూరప్ ఓడలనుంచి ఒంటరి ఆడపిల్లలు న్యూయార్క్, షికాగోలకు ఫ్యాక్టరీ పనికి వస్తున్న కాలం. రేవుల్లో, రైల్వే స్టేషన్లలో ముఠాలు కాపుకాసి వాళ్లను వేశ్యాగృహాలకు అమ్మేస్తున్నాయని పత్రికలు హోరెత్తించాయి. జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ నాయకత్వంలో 1910లో న్యూయార్క్‌లో ఒక గ్రాండ్ జ్యూరీ విచారించింది. అమ్మకాలు చేసే మనుషులు విడివిడిగా ఉన్నారు కానీ వ్యవస్థీకృత ముఠా ఉన్నట్టు సాక్ష్యం లేదని చెప్పింది. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. వ్యభిచారం కోసం స్త్రీలను రాష్ట్రాలు దాటించడం నేరమంటూ అదే ఏడాది కాంగ్రెస్ మాన్ చట్టం చేసింది. 1913 నవంబరులో ‘ట్రాఫిక్ ఇన్ సోల్స్’ అనే మూకీ సినిమా న్యూయార్క్‌లో విడుదలైతే జనం విరగబడ్డారు. జార్జ్ లోన్ టక్కర్ తీసిన ఆ సినిమా దగ్గర కొంచెం ఆగాలి. మిఠాయి దుకాణంలో పనిచేసే ఒక అమ్మాయి చెల్లెల్ని ముఠావాళ్లు మాయచేసి తీసుకుపోతారు. అక్క వెతుకుతుంది. ముఠా నాయకుడు ఎవరో తేలేసరికి ప్రేక్షకుల గుండె ఆగుతుంది. వాడు నగరంలో నీతిని ఉద్ధరించే సంఘానికి అధ్యక్షుడు. దొంగ సొమ్ము లెక్కలు వాడి ఆఫీసు గదికే చేరుతుంటాయి. ఆ అమ్మాయి మాటలు రికార్డు చేసే యంత్రం పెట్టి వాడిని పట్టిస్తుంది. పెద్దమనిషే దొంగ అని చూపే ధైర్యం 1913 నాటి ఆ సినిమాకు ఉంది. మంచివాళ్ల బయటి దుస్తులను నమ్మొద్దని చెప్పడంలో అది ‘సౌండ్ ఆఫ్ ఫ్రీడమ్’ కన్నా ముందడుగులో ఉంది.

కానీ జనం ఆ సినిమానుంచి ఆ పాఠం తీసుకోలేదు, భయం మాత్రం తీసుకున్నారు. ఆ భయంతో పుట్టిన చట్టం ఎవరి మీద పడిందో చూడండి. హెవీవెయిట్ బాక్సింగ్‌లో తొలి నల్లజాతి ప్రపంచ ఛాంపియన్ జాక్ జాన్సన్‌ను అదే మాన్ చట్టం కింద 1913లో దోషిగా తేల్చారు. తెల్లజాతి స్త్రీలతో స్నేహం చేయడం తప్ప అతను చేసిన నేరం లేదు. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. 2018లో అతనికి క్షమాభిక్ష ఇచ్చింది ట్రంపే. నూరేళ్ల తర్వాత సరిదిద్దిన ఆ తప్పుకు మూలం, రక్షణ పేరుతో పుట్టి దొరికినవాడి మీద పడే కోపం.

ఆ కోపం తర్వాత మళ్లీ మళ్లీ లేచింది. 1983లో కాలిఫోర్నియాలోని మాన్‌హటన్ బీచ్‌లో మెక్‌మార్టిన్ అనే చిన్నపిల్లల బడి మీద ఫిర్యాదు వచ్చింది. పిల్లల్ని నెలల తరబడి అదేపనిగా, కావలసిన జవాబు వచ్చేదాకా ప్రశ్నించారు. బడి కింద సొరంగాలున్నాయని, మంత్రగత్తెలు ఎగిరారని పిల్లలు చెప్పారు. ఏడుగురి మీద కేసులు పెట్టారు. కోటిన్నర డాలర్ల ఖర్చుతో 1990 దాకా నడిచిన ఆ వ్యవహారంలో ఒక్కరికీ శిక్ష పడలేదు. 2016 డిసెంబరులో, వాషింగ్టన్‌లోని ఒక పిజ్జా దుకాణం నేలమాళిగలో పిల్లల్ని దాచారన్న పుకారు నమ్మి ఒకతను తుపాకీతో వెళ్లి కాల్చాడు. ఆ దుకాణానికి అసలు నేలమాళిగే లేదు.

ఇప్పుడు నిజంగా పిల్లల్ని అమ్మిన కథ వినండి. టెనెసీ రాష్ట్రం మెంఫిస్‌లో జార్జియా టాన్ అనే ఆవిడ 1924నుంచి 1950 దాకా అనాథాశ్రమం నడిపింది. పేద తల్లులు ఆసుపత్రి మత్తులో ఉండగా కాగితాల మీద సంతకాలు పెట్టించుకునేది. ఒక కుటుంబ న్యాయస్థానం జడ్జి సాయంతో పేదింటి పిల్లల్ని తల్లిదండ్రులనుంచి విడదీసి, దూర రాష్ట్రాల ధనవంతులకు వేల డాలర్లకు దత్తత పేరుతో అమ్మేది. ఆశ్రమంలో నిర్లక్ష్యంతో ఎందరో పసివాళ్లు చనిపోయారు. ఊరి రాజకీయ పెద్దల అండ ఆవిడకు ఉంది. దత్తత విషయంలో నిపుణురాలని పత్రికలు పొగిడాయి. 1950లో రాష్ట్ర ప్రభుత్వం విచారణ ప్రకటించింది. కేసు నడవకముందే ఆవిడ క్యాన్సర్‌తో చనిపోయింది. ఈ కథలో ఎత్తుకుపోయే అపరిచితుడు లేడు. ఉన్నది డాక్టరు, జడ్జి, సంఘసేవకురాలు, సంతకం పెట్టిన కాగితం.

ఈ వాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. కోటీశ్వరుడు జెఫ్రీ ఎప్‌స్టీన్ సంగతేమిటి, పెద్దలు పిల్లల్ని చెరిచారన్న పుకారు కనీసం ఒక చోట నిజమైంది కదా అని అడుగుతారు. నిజమే, దీన్ని దాటవేయకూడదు. ఫ్లోరిడాలో 2008లో అతనికి దక్కిన తేలికపాటి శిక్ష ఈ దేశ న్యాయవ్యవస్థకు మచ్చ. కానీ అతను ఎవరినీ అర్ధరాత్రి గోతాంలో వేసుకుపోలేదు. మసాజ్ చేస్తే డబ్బిస్తామని పేద, మధ్యతరగతి బడి పిల్లల్ని రప్పించాడు. ఒకమ్మాయితో ఇంకో అమ్మాయిని పిలిపించాడు. వాళ్లకు కావలసింది అడవిలోకి దూకే వీరుడు కాదు. ఫిర్యాదు చేసిన పిల్ల మాట నమ్మే పోలీసు, డబ్బుకు లొంగని ప్రాసిక్యూటర్ కావాలి. కాబట్టి ఎప్‌స్టీన్ ఉదాహరణ ఆ కథను బలపరచదు, సరిదిద్దుతుంది. అంతర్జాతీయ వలస సంస్థ 2017లో చెప్పింది కూడా ఇదే: గుర్తించిన పిల్లల అక్రమ రవాణా కేసుల్లో దాదాపు సగం కుటుంబ సభ్యుల ప్రమేయంతోనే మొదలవుతున్నాయి.

రెండో అభ్యంతరం ఇంకా సహజమైంది. సినిమాలో అతిశయం ఉంటే ఉండనీ, పదిమంది దృష్టి పిల్లల మీద పడిందా లేదా? ఇది మంచి మనసుతో వేసే ప్రశ్న. కానీ తప్పు చోట పడిన దృష్టి సాయం చేయదు, అడ్డుపడుతుంది. 2020లో ఒక ఫర్నిచర్ కంపెనీ బీరువాల్లో పిల్లల్ని అమ్ముతోందన్న పుకారు లేచినప్పుడు, బాధితుల కోసం హాట్‌లైన్ నడిపే పొలారిస్ సంస్థకు ఆ పుకారు కాల్స్ వెల్లువెత్తాయి. నిజంగా సాయం కావలసినవాళ్లకు అందడం కష్టమవుతోందని ఆ సంస్థే మొరపెట్టుకుంది. 2023 ఫిబ్రవరిలో అమెరికా కార్మిక శాఖ ఒక విచారణ ఫలితం ప్రకటించింది. పదమూడునుంచి పదిహేడేళ్ల వయసున్న 102 మంది పిల్లలు 8 రాష్ట్రాల్లోని 13 మాంసం ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టుల్లో పనిచేసినట్టు తేలింది. పశువుల్ని కోసే రంపాలను ఒళ్లు కాల్చే రసాయనాలతో కడిగేవారు. క్లీనింగ్ కాంట్రాక్టు కంపెనీకి పడిన జరిమానా 15 లక్షల డాలర్లు. నెల తిరక్కుండానే ఆర్కన్సా రాష్ట్రం, పదహారేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడానికి వయసు ధ్రువీకరించే అనుమతి పత్రాన్నే తీసేసింది. చేసింది రిపబ్లికన్లు. అలాగని డెమోక్రాట్లు చేతులు కడుక్కోవడానికి లేదు. ఒంటరిగా సరిహద్దు దాటి వచ్చిన పిల్లల్లో 85 వేల మందికి పైగా ఆచూకీ ఫోనుకు అందలేదని న్యూయార్క్ టైమ్స్ రాసింది బైడెన్ ప్రభుత్వం గురించే. ఈ పిల్లలూ హోండురస్, గ్వాటెమాలాలనుంచి వచ్చినవాళ్లే, తెర మీది పిల్లల ఊళ్లవాళ్లే. వీళ్ల కోసం థియేటర్లో ఎవరూ ఏడవలేదు. రెండు పార్టీలూ సినిమా గురించి ఆ వేసవంతా పోట్లాడుకున్నాయి, ఫ్యాక్టరీల గురించి పోట్లాడుకోలేదు. పరాయి దుర్మార్గుడి మీద కోపానికి ఖర్చు లేదు. ఫ్యాక్టరీ మీద కోపం వస్తే మాంసం ధర పెరుగుతుంది, చట్టం మార్చాలి, చందా ఇచ్చే కంపెనీతో తగువు పెట్టుకోవాలి.

ఇదంతా అమెరికా జబ్బు అనుకుని నిశ్చింతగా ఉండే వీలు మనకూ లేదు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్ మెసేజీలు తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక పల్లెల్ని ఊపేశాయి. ఆ జూలైలో బీదర్ జిల్లా ముర్కి దగ్గర, పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరును జనం కొట్టి చంపారు. అదే ఏడాది గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్నీ జానపద కళాకారుల్నీ ఊరూరా పంపి, పాటలతో జనానికి నచ్చజెప్పించారు. పుకారును పాటతో ఎదుర్కోవచ్చని అక్కడ రుజువైంది. అసలు దొంగ ఎక్కడుంటాడో చెప్పిన సినిమా కూడా మనకు ఉంది. 2013కి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు పొందిన ‘నా బంగారు తల్లి’ని, హైదరాబాద్‌లో ప్రజ్వల సంస్థను స్థాపించిన సునీతా కృష్ణన్ నిర్మించారు. రాజేష్ టచ్‌రివర్ తీశారు. అందులో అమ్మాయిల్ని అమ్మే మనిషి అడవిలో తుపాకీ పట్టుకున్నవాడు కాదు, ఊళ్లో గౌరవంగా బతికే తండ్రి. కన్నకూతురు తెలుసుకునే నిజం అది. ఆ సినిమా పాతిక కోట్ల డాలర్లు వసూలు చేయలేదు. చూసి బయటికి వచ్చినవాళ్లు ఎవరి మీదా దాడికి వెళ్లాలనుకోరు, తమ ఇంటివైపు, తమ వీధివైపు చూసుకుంటారు. పిల్లల మీద సినిమా చేయాల్సిన పని అదే.

అందుకే సొంత ఊళ్లో ఉన్నవాళ్లకు ఒక్క విన్నపం. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని ఫోనుకు ఒక వీడియో వస్తే, ముందుకు పంపకండి. 1098కి ఫోన్ చేసి, మీ వీధి హోటల్లో ప్లేట్లు కడుగుతున్న పన్నెండేళ్ల అబ్బాయి గురించి చెప్పండి. చదువు చెప్పిస్తామని బంధువులు తీసుకువచ్చి ఇంటి పనికి పెట్టుకున్న అమ్మాయి గురించి చెప్పండి. ఆ పిల్లల్ని తెచ్చినవాళ్లు మనకు తెలిసినవాళ్లే అయి ఉంటారు. అయినా చెప్పండి.