ముగ్గురి కోసం వెళ్తే ముప్పై మందికి!

హిట్లర్ తరిమేసిన ప్రొఫెసర్లకు టర్కీ కొలువులిచ్చిన యథార్థ గాథ

1933 జులై 6. టర్కీ రాజధాని అంకారా. విద్యాశాఖ మంత్రి రెషిత్ గాలిప్ తన అధికారులతో కొలువుదీరి ఉన్నాడు. ఎదురుగా ఇద్దరు అతిథులు. ఒకరు జెనీవా ప్రొఫెసర్ ఆల్బర్ట్ మాల్ష్. రెండోవాడు ఫిలిప్ ష్వార్ట్స్. సంభాషణంతా ఫ్రెంచిలో. మంత్రి ఒక్కో శాఖ పేరూ చెప్పి, దీనికి తగిన ప్రొఫెసర్ ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నాడు. ష్వార్ట్స్ తను తెచ్చుకున్న జాబితా తిరగేసి ఓ పేరు చెబుతున్నాడు. ఆ మనిషి ఏం పరిశోధించాడు, ఎక్కడ పనిచేశాడు, ఏం రాశాడు... అన్నీ విప్పి చెప్పాక మంత్రి మళ్లీ అదే ప్రశ్న వేస్తున్నాడు, ఇంకో శాఖ గురించి.

ముగ్గురికి చోటు దొరికితే అదే పదివేలు అనుకుని వచ్చాడు ష్వార్ట్స్. పేర్లు ఐదు దాటాయి, పది దాటాయి. మంత్రి ఆగడం లేదు.

రాత్రికి రాత్రి రోడ్డున పడ్డారు

నాలుగు నెలల కిందటి వరకూ ష్వార్ట్స్ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో పేథాలజీ ప్రొఫెసర్. హంగరీలో పుట్టిన యూదుడు. జనవరి 30న హిట్లర్ గద్దెనెక్కాడు. ఇక అక్కడ ఉంటే ప్రమాదమని తేలిపోగానే మార్చిలో ష్వార్ట్స్ కుటుంబంతో సరిహద్దు దాటి, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో పిల్లనిచ్చిన మామగారి ఇంటికి చేరాడు.

ఏప్రిల్ 7న బెర్లిన్‌లో కొత్త చట్టం వచ్చింది. పేరుకు ప్రభుత్వోద్యోగ వ్యవస్థను చక్కదిద్దే చట్టం. చేసిన పని మాత్రం యూదుల్నీ, నాజీలకు గిట్టనివాళ్లనీ ఏరిపారేయడం. జర్మనీలో విశ్వవిద్యాలయాల ప్రొఫెసర్లు ప్రభుత్వోద్యోగులే కాబట్టి దెబ్బ నేరుగా వాళ్ల మీద పడింది. ప్రపంచం గౌరవించే శాస్త్రవేత్తలు సైతం నెలల వ్యవధిలో వందల సంఖ్యలో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

మామగారి ఇంట్లో తలదాచుకున్న ష్వార్ట్స్ తన సంగతి తను చూసుకుని ఊరుకోలేదు. తనలాంటి వాళ్ల కోసం జ్యూరిచ్‌లోనే ఓ సహాయ సంఘం పెట్టాడు. ఉద్యోగం పోయినవాళ్ల నుంచి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. పేరు, సబ్జెక్టు, అనుభవం, కుటుంబం... ఒక్కొక్కరి వివరాలూ కార్డుల మీదికి ఎక్కించాడు. కార్డులైతే పెరుగుతున్నాయి కానీ కొలువులిచ్చే దేశమేదీ? అప్పటికే ఆర్థిక మాంద్యం ప్రపంచాన్ని కుదేలు చేస్తోంది. సొంత పట్టభద్రులకే పని చూపించలేని దేశాలు పరాయి ప్రొఫెసర్లను ఎక్కడ పెట్టుకుంటాయి?

సరిగ్గా అప్పుడే జెనీవా నుంచి మాల్ష్ కబురు వచ్చింది. ఇస్తాంబుల్‌లో అవకాశం ఉందని!

అవసరం అటూ ఉంది

టర్కీ రిపబ్లిక్ వయసు అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు. అధ్యక్షుడు ముస్తఫా కెమాల్ దేశాన్ని తలకిందులుగా మార్చేస్తున్నాడు. 1928లో అరబ్బీ లిపి తీసేసి లాటిన్ లిపి తెచ్చాడు. దాంతో పాత పాఠ్యపుస్తకాలు కొత్త తరానికి పనికిరాకుండా పోయాయి. ఇస్తాంబుల్‌లోని పాత విద్యాపీఠం 'దారుల్‌ఫునూన్' కొత్త రిపబ్లిక్ వేగాన్ని అందుకోలేకపోతోందని ప్రభుత్వం తేల్చింది. దాన్ని ఎలా బాగుచేయాలో చెప్పమని మాల్ష్‌ను పిలిపించి 1932లో నివేదిక రాయించుకుంది. ఆ ఏర్పాట్లు నడుస్తుండగానే జర్మనీ తన మేధావుల్ని బయటికి గెంటింది.

అంకారా సమావేశం గంటల తరబడి సాగింది. చివరికి ఒప్పందపత్రం మీద సంతకాలయ్యాయి. 1453లో కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమయ్యాక అక్కడి పండితులు ఇటలీకి తరలిపోయారనీ, అక్కడ వికసించిన ఆ విద్య ఇప్పుడు తమకు తిరిగొస్తోందనీ గాలిప్ అన్నట్టు ష్వార్ట్స్ తర్వాతి కాలంలో రాసుకున్నాడు. ఆ రోజు జ్యూరిచ్‌కు వెళ్లిన కబురు మాత్రం చాలా చిన్నది: ముగ్గురు కాదు, ముప్పై మంది!

జర్మనీ జైళ్లలో ఉన్న ప్రొఫెసర్ల సంగతీ అక్కడే తేలింది. వాళ్లకూ నియామకాలిస్తామని, విడిపించుకుంటామని టర్కీ ఒప్పుకుంది. బాన్ నగరంలోని దంతవైద్య ప్రొఫెసర్ ఆల్‌ఫ్రెడ్ కాంటొరోవిచ్ అప్పటికి నాజీల నిర్బంధంలో ఉన్నాడు. ఇస్తాంబుల్ కొలువు వచ్చాక బయటపడ్డాడు. టర్కీలో ఆధునిక దంతవైద్య విద్యకు పునాది వేసినవాళ్లలో ఒకడయ్యాడు.

ఒక వాక్యం జర్మన్, ఒక వాక్యం టర్కిష్

ఆగస్టు 1న ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయం కొత్తగా పుట్టింది. ఒప్పందంలో ఓ గట్టి షరతు ఉంది: వచ్చినవాళ్లు మూడేళ్లలో టర్కిష్ నేర్చుకోవాలి, టర్కిష్‌లోనే పాఠం చెప్పాలి, పాఠ్యపుస్తకాలు రాయాలి. అప్పటిదాకా తరగతి ఎలా నడిచేదంటే... ప్రొఫెసర్ జర్మన్‌లోనో ఫ్రెంచిలోనో ఓ మాట చెప్పి ఆగుతాడు. పక్కన నిలబడ్డ అసిస్టెంటు దాన్ని టర్కిష్‌లో చెబుతాడు. పిల్లలు రాసుకునేదాకా ప్రొఫెసర్ ఎదురుచూస్తాడు. గంటలో చెప్పాల్సిన పాఠం సగమైనా సాగేది కాదు.

రసాయనశాస్త్రవేత్త ఫ్రిట్జ్ ఆర్న్‌ట్‌కు ఆ తిప్పలు లేవు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే ఇస్తాంబుల్‌లో పాఠాలు చెప్పి భాష పట్టేశాడు. న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఎర్న్‌స్ట్ హిర్ష్ పట్టుబట్టి నేర్చుకున్నాడు. ఎంతగా అంటే, టర్కీ వాణిజ్య చట్టాల రచనలో అతని చేయి పడింది. ఆ దేశ పౌరసత్వమూ తీసుకున్నాడు. సర్జన్ రుడాల్ఫ్ నిస్సెన్ ఇస్తాంబుల్‌లో చేసిన ఓ ఆపరేషన్ అనుభవమే, కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నకుండా చేసే శస్త్రచికిత్సకు దారితీసింది. ప్రపంచమంతా ఇవాళ్టికీ దాన్ని నిస్సెన్ పేరుతోనే పిలుస్తుంది. 1936లో వచ్చిన ఎరిక్ అవర్‌బాక్ సరైన గ్రంథాలయం కూడా లేని చోట, రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో కూర్చుని 'మిమెసిస్' రాశాడు. పాశ్చాత్య సాహిత్య విమర్శలో అదో శిఖరం.

అటు ఇచ్చి, ఇటు తీసేసి

ఈ కథలో చీకటి కోణమూ ఉంది. కొత్త విశ్వవిద్యాలయం కోసం పాతదాన్ని మూసినప్పుడు సగానికి పైగా స్థానిక అధ్యాపకులు ఇంటిదారి పట్టారు. తమవాళ్ల కుర్చీల్లో భాష రాని విదేశీయులు, అదీ తమకంటే ఎక్కువ జీతానికి! కడుపుమంట రాకుండా ఎలా ఉంటుంది? అటు గాలిప్ కూడా విశ్వవిద్యాలయం మొదలైన ఆగస్టులోనే పదవి వదిలాడు. మరుసటి ఏడు కన్నుమూశాడు. సంతకం చేసిన మంత్రి లేకపోయినా ప్రభుత్వం మాట తప్పలేదు.

పారిపోయినవాళ్లను నాజీలు అక్కడా వదల్లేదు. 1939లో బెర్లిన్ నుంచి హెర్బర్ట్ స్కుర్లా అనే అధికారి వచ్చి, ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో ఆరా తీసి నివేదిక రాసుకెళ్లాడు. వాళ్లను తప్పించి నాజీ ప్రభుత్వానికి నచ్చినవాళ్లను పెట్టించాలన్నది ఎత్తుగడ. అది పారలేదు. ఏళ్లు గడిచేకొద్దీ టర్కీలో ఆశ్రయం పొందిన విద్యావేత్తలు వందమందికి పైనే అయ్యారు.

ఇంతమందికి దారి చూపిన ష్వార్ట్స్ ఇస్తాంబుల్‌లో పేథాలజీ విభాగాన్ని దాదాపు రెండు దశాబ్దాలు నడిపాడు. యుద్ధం ముగిశాక ఫ్రాంక్‌ఫర్ట్‌లో అతనికి తిరిగి చోటు దొరకలేదు. అమెరికా వెళ్లి పరిశోధన కొనసాగించాడు. 1977లో అక్కడే చనిపోయాడు.

జర్మనీ అతన్ని తలుచుకోవడానికి చాలాకాలం పట్టింది. ప్రాణభయంతో దేశం వదిలిన పరిశోధకులకు ఫెలోషిప్పులిచ్చే 'ఫిలిప్ ష్వార్ట్స్ ఇనిషియేటివ్'ను హంబోల్ట్ ఫౌండేషన్, జర్మనీ విదేశాంగ శాఖ కలిసి 2015లో ప్రకటించాయి. మరుసటి ఏడాది జులైలో టర్కీలో సైనిక తిరుగుబాటు విఫలమైంది. ఆ వెంటనే వేలమంది విద్యావేత్తల ఉద్యోగాలు ప్రభుత్వ ఉత్తర్వులతో ఊడాయి. వాళ్లలో ఎందరో జర్మనీకి చేరింది ఈ ష్వార్ట్స్ పేరిట ఇచ్చే ఫెలోషిప్పుల మీదే. ఒకప్పుడు తరిమిన దేశం ఆశ్రయమిచ్చింది, ఆశ్రయమిచ్చిన దేశం తరిమింది.

ఈ కథలో మనకూ పాఠం ఉంది. అంతర్జాతీయ సహకారం అనగానే మన విశ్వవిద్యాలయాలకు గుర్తొచ్చేది విదేశీ ప్రతినిధులతో ఒప్పందాలు, శాలువాలు, ఫొటోలు. కానీ సిరియా, అఫ్గానిస్థాన్, ఉక్రెయిన్‌ల నుంచి చదువుకున్నవాళ్లు చెల్లాచెదురైన కాలమిది. అలాంటివాళ్లలో ఒకరి దరఖాస్తు మన దగ్గరకొస్తే జాలితో కాదు, మన విభాగంలో ఏ లోటు తీరుతుందన్న లెక్కతో చూడాలి. స్థానికుల పొట్టకొట్టకుండా చోటివ్వాలి. 1933లో టర్కీ మొదటిది చేసింది, రెండోది చేయలేకపోయింది.