కూసీ ప్రభువులు: బిరుదు అక్కర్లేని వంశం

పారిస్‌కు ఈశాన్యాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, పికార్డీలోని ఒక గుట్ట మీద కూసీ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా పెట్టుకుని మూడు వందల ఏళ్లకు పైగా వెలిగిన వంశం ఒకటుంది. తాము రాజులం కామనీ, డ్యూకులమో కౌంటులమో అంతకన్నా కామనీ, కూసీ ప్రభువులమనీ చెప్పుకోవడం వాళ్ల అలవాటు. వినడానికి వినయంలా ఉంటుంది గానీ, ఆ బిరుదులేవీ తమ పేరుకు సాటిరావన్నదే వాళ్ల లెక్క.

11వ శతాబ్దం చివర్లో మొదటి ఆంగెరాన్ కూసీ కోటను చేజిక్కించుకున్నాడు. కొడుకు తొమా ద మార్ల్ మొదటి క్రూసేడ్‌కు వెళ్లొచ్చి, ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లనూ మఠాల భూములనూ దోచుకుంటూ బతికాడు. 1130లో ఫ్రాన్స్ రాజు ఆరో లూయీ అతని మీద దండెత్తాడు. తొమా దెబ్బతిని, పట్టుబడి, ప్రాణాలు విడిచాడు. అతని క్రూరత్వాన్ని కథలుకథలుగా రాసిపెట్టింది మఠాధిపతులే. దోపిడీకి గురైన పక్షం రాసిన చరిత్ర కదా, కాస్త తగ్గించుకుని చదవాలి.

1220ల్లో మూడో ఆంగెరాన్ కట్టించిన నడిబురుజు ఎత్తు 54 మీటర్లు, అడ్డుకొలత 31. ఓ సామంతుడికి ఇంత బురుజెందుకని అప్పటి రాజులకు అనిపించే ఉంటుంది.

కూసీల దర్పానికి పెద్ద దెబ్బ మూడో ఆంగెరాన్ కొడుకు నాలుగో ఆంగెరాన్ కాలంలో తగిలింది. దగ్గర్లోని మఠంలో చదువుకుంటున్న ముగ్గురు ఫ్లాండర్స్ కుర్రాళ్లు విల్లంబులతో అతని అడవిలోకి వచ్చారు. వేటకొచ్చిన దొంగలని చెప్పి, విచారణ మాటే లేకుండా ముగ్గురినీ ఉరితీయించాడు. తొమ్మిదో లూయీ అతన్ని బంధించి పారిస్ తెప్పించాడు. తనను సాటి ప్రభువులే విచారించాలన్నాడు, ద్వంద్వయుద్ధంతో తేల్చుకుంటానన్నాడు ఆంగెరాన్. రాజు వినలేదు. ప్రభువులంతా బతిమాలాక ప్రాణం దక్కింది గానీ, భారీ జరిమానా కట్టాడు, ఆ అడవినీ పోగొట్టుకున్నాడు. సొంత నేల మీద ఉరి వేసే హక్కుకు పైన ఇంకొకరున్నారని కూసీలకు తెలిసింది అప్పుడే.

అతను 1311లో పిల్లల్లేకుండా పోయాడు. ఆస్తి మేనల్లుడికి, అంటే గీన్ కౌంటుల రక్తానికి, దక్కింది. వాళ్లు కూసీ పేరే పెట్టుకున్నారు కాబట్టి మగసంతతి ఒకసారి తెగిపోయిందన్న సంగతి బయటికి కనబడదు.

చివరివాడు ఏడో ఆంగెరాన్, 1340లో పుట్టాడు. ఫ్రాన్స్ రాజు విడుదల ఒప్పందంలో భాగంగా 1360లో బందీగా ఇంగ్లండ్ వెళ్లి, 1365లో ఆ దేశపు రాజు మూడో ఎడ్వర్డ్ కూతురు ఇసబెల్లానే పెళ్లాడాడు. నూరేళ్ల యుద్ధంలో అల్లుడికి మామగారు శత్రురాజు! 1377లో మామ చనిపోయాక అక్కడి పదవులన్నీ తిరిగిచ్చేసి ఫ్రాన్స్ పక్షాన నిలిచాడు. భార్య ఇంగ్లండ్‌లోనే ఉండిపోయింది. ఇద్దరు కూతుళ్లలో ఫిలిప్పా అటు, మరీ ఇటు పెరిగారు. ఫ్రాన్స్ సర్వసేనాని పదవి ఇవ్వజూపితే వద్దన్నాడు. నా దృష్టిలో ఈ వంశంలో తెలివైన మనిషి ఇతనొక్కడే.

ఆ తెలివి 1396లో అక్కరకు రాలేదు. డాన్యూబ్ ఒడ్డున నికోపోలిస్ దగ్గర, తొందరపడవద్దన్న పెద్దల మాట కాదని కుర్ర ప్రభువులు ఉరికారు. ఒట్టోమన్ సుల్తాన్ బాయజీద్ చేతిలో ఫ్రెంచి సేన చితికిపోయింది. బందీగా చిక్కిన ఆంగెరాన్, విడుదల సొమ్ము అందేలోపే 1397 ఫిబ్రవరిలో బుర్సాలో మరణించాడు. వారసుడు కాగల కొడుకు లేడు. మరీ 1400లో కూసీని ఓర్లెయాన్ డ్యూక్ లూయీకి అమ్మేసింది. ఆ డ్యూక్ మనవడు 1498లో పన్నెండో లూయీగా గద్దెనెక్కడంతో కూసీ నేరుగా రాజుల సొత్తయింది.

బురుజు మాత్రం వంశం కన్నా 500 ఏళ్లు ఎక్కువ బతికింది. 1917 మార్చిలో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సేనలో బవేరియా యువరాజు రుప్రెక్ట్ దాన్ని వదిలేద్దామన్నాడు. జర్మన్ సేనాని లూడెన్‌డార్ఫ్ ఒప్పుకోలేదు. 28 టన్నుల పేలుడు పదార్థం పెట్టి కూల్చేశారు.